గోడకు కింది నాలుగు అడుగులు

సంక్రాంతి సెలవుల్లో ఏదో ఒక ఊరు చూసి రావడం నాకు చాలాకాలంగా అలవాటు. ఈసారి చెన్నై వెళ్ళాలనుకోవడానికి కారణం మా బడి ప్రహరీగోడ. నెల్లూరు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను చిత్రలేఖనం నేర్పుతాను. రోడ్డువైపు ఉన్న మా గోడ మీద పిల్లలచేత బొమ్మలు వేయించాలని రెండేళ్ళుగా అనుకుంటున్నాం. బొమ్మ వేయడం ఒక ఎత్తు, వేసిన తర్వాత ఆ గోడ పక్కన బతికేవాళ్ళు దాన్ని తమదిగా చూసుకోవడం మరొక ఎత్తు. ఈ రెండోది ఎలా జరుగుతుందో పుస్తకాల్లో నాకు దొరకలేదు. చెన్నైలో జనావాసాల మధ్య వేసిన పెద్ద గోడబొమ్మలను దగ్గరగా చూసి, వాటి నీడన ఉండేవాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడితే కొంతైనా తెలుస్తుందనిపించింది.

చెన్నైలో ఆర్కిటెక్చర్ చదువుతున్న మా అక్క కూతురు నాకు తోడు వస్తానంది. ఆమె పంపిన పట్టికలో ఇరవైకి పైగా చోట్లు ఉన్నాయి. వాటన్నిటినీ గంటల లెక్కన సర్దితే నాలుగు రోజుల్లో చూసేయవచ్చు గానీ, అలా చూస్తే గోడలు మాత్రమే కనిపిస్తాయి. అందుకని ఒక కాగితం మీద నాలుగు రోజులకు నాలుగు దిక్కులు రాసుకుని, పూటకు ఒక్క చోటు మాత్రమే ఖాయం చేసుకుని, మిగిలిన సమయాన్ని కావాలనే ఖాళీగా వదిలేశాం. గోడబొమ్మ గుడిలాగా నూరేళ్ళు నిలిచేది కాదు. పోయిన ఏడాది ఉన్నదాని మీద ఈ ఏడాది సున్నం కొట్టి ఉండవచ్చు, దాని ఎదురుగా మరొక మేడ లేచి ఉండవచ్చు. ఎండను కూడా లెక్కలోకి తీసుకోవాలి. తూర్పు గోడను పొద్దున, పడమటి గోడను సాయంత్రం చూస్తేనే రంగు నిండుగా కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నపు వెలుగులో ఎంత మంచి బొమ్మ అయినా వెలవెలపోతుంది.

మొదటి రోజు

పినాకిని ఎక్స్‌ప్రెస్ దిగేసరికి మధ్యాహ్నమైంది. పెరంబూరులో మా పిన్నమ్మ ఇంట్లో సంచీ పెట్టి, భోజనం చేసి, ఎగ్మూరు వైపు వెళ్ళాం. అక్కడ పెరియార్ రహదారి మీద ఉన్న ప్రభుత్వ లలితకళల కళాశాలను, 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు మొదలుపెట్టిన ఆ పాత బడిని, బయటినుంచైనా ఒకసారి చూడకుండా నాలాంటివాడు ఈ యాత్ర మొదలుపెట్టలేడు. తోలుబొమ్మల రేఖలను తన శైలిలోకి తెచ్చుకున్న చిత్రకారుడు కె. శ్రీనివాసులుగారు అప్పటి ప్రిన్సిపాల్ దేవీప్రసాద్ రాయ్ చౌధురి దగ్గర చదువుకున్నది ఇక్కడే.

సాయంత్రం మౌంట్ రోడ్డు మీద నడిచాం. తెలుగు సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లో ఈ రోడ్డు పొడవునా నిలబడిన బ్యానర్ల గురించి మా నాన్నగారు ఎన్నోసార్లు చెప్పేవారు. అరచేతిలో పట్టే ఫొటో మీద గళ్ళు గీసి, అవే గళ్ళను పెద్ద గుడ్డ మీద పెంచి గీసి, ముక్కలుముక్కలుగా నేలమీద రంగు వేసి, ఆ తర్వాత అన్నిటినీ పైకెత్తి కలిపేవారట. బొమ్మ వేసేటప్పుడు చిత్రకారుడి ముందు ఉండేది కన్నో ముక్కో మాత్రమే, మొత్తం ముఖాన్ని అతడు కూడా జనంతోపాటే చూసేవాడు. ఫ్లెక్సీ వచ్చాక ఆ పని పోయింది. 2010 ప్రాంతంలో ప్రధాన రహదారుల గోడలకు పోస్టర్లు అంటించకుండా నగరపాలక సంస్థ బొమ్మలు వేయించినప్పుడు ఆ చేతులకు కొంత పని దొరికింది.

అటువంటి గోడలు కొన్ని దారిలో చూశాం. ఎడ్లబండ్లు, నాట్యభంగిమలు, గుడిగోపురాలు. రేఖ తెలిసినవాళ్ళు వేసిన బొమ్మలే. కానీ గంటసేపు నిలబడినా వాటిని చూసినవాళ్ళు ఒక్కరూ కనబడలేదు. బస్సు కోసం నిలబడినవాళ్ళు సైతం వాటికి వీపు పెట్టే నిలబడ్డారు. పట్టికలో ఉన్న మరొక గోడకు మెట్రో పనుల రేకులు అడ్డం వచ్చి పైన ఒక నెమలి తల మాత్రమే మిగిలింది. రాత్రి పిన్నమ్మ ఇంటి మేడమీద కూర్చుని, రేపటికి కన్నగి నగర్ అని ఖాయం చేసుకుని, మధ్యాహ్నం గడిని అలాగే వదిలేశాం.

రెండో రోజు

కన్నగి నగర్ నగరానికి దక్షిణాన, పాత మహాబలిపురం రోడ్డుకు పక్కగా, తొరైపాక్కంలో ఉంది. కూవం, అడయారు నదుల గట్లమీద, రోడ్ల పక్కన గుడిసెలు వేసుకుని బతికినవాళ్ళను 2000 ప్రాంతం నుంచి ఇక్కడికి తరలించారు. సునామీలో ఇళ్ళు పోయినవాళ్ళు కూడా వచ్చారు. దేశంలోని పెద్ద పునరావాస కాలనీల్లో ఇది ఒకటి. మదురై రాజు సభలో నిలబడి తన భర్తకు జరిగిన అన్యాయాన్ని నిలదీసిన ఇల్లాలి పేరు దీనికి పెట్టారు. అయితే ఉద్యోగానికి వెళ్ళి ఈ చిరునామా చెబితే అవతలివాళ్ళ ముఖం మారిపోయేదని ఇక్కడి యువతరం చెప్పుకున్న మాటలు పత్రికల్లో చాలాసార్లు చదివాను. 2020 మొదట్లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్, ఏషియన్ పెయింట్స్, నగరపాలక సంస్థ కలిసి ఈ కాలనీలోని మేడల గోడలమీద పెద్దపెద్ద బొమ్మలు వేయించే పని మొదలుపెట్టాయి. మన దేశపు చిత్రకారులతోపాటు విదేశాలవాళ్ళు కూడా వచ్చి వేశారు.

బస్సు దిగి మొదటి మలుపు తిరిగేసరికి మూడంతస్తుల ఎత్తున ఒక పాప ముఖం మమ్మల్ని చూస్తూ నిలబడి ఉంది. పొద్దుటి ఎండ నేరుగా ఆ గోడ మీద పడుతోంది. మా మేనకోడలు ఫోన్ తీయబోయి ఆగింది. అక్కడ గోడ అంటే ఎవరో ఒకరి ఇల్లు. కిటికీలో ఆరేసిన చీర, మెట్ల మీద అంట్లు తోముతున్న మనిషి, వాకిట్లో నీళ్ళు పోసుకుంటున్న పిల్లాడు, వాళ్ళందరూ ఫొటోలో పడతారు. అందుకని మొదటి రెండు గంటలు ఫొటోలు తీయకూడదని, నేను నోటుపుస్తకంలో గీసుకుంటూ ఉంటే ఆమె పక్కవాళ్ళతో మాట్లాడుతూ ఉండాలని అనుకున్నాం. గీసేవాడి చుట్టూ పిల్లలు తప్పకుండా చేరతారు. వాళ్ళ వెనక తల్లులు వస్తారు. ఇటువంటి చోటికి వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇదొక్కటే: ఫోన్ కంటే ముందు పెన్సిలు తీయండి.

గోడ మొత్తాన్ని గీయడం నా వల్ల కాదు కాబట్టి, దగ్గరికి వెళ్ళి కిందిభాగం గీయడం మొదలుపెట్టాను. అక్కడే నాకు కావలసింది కనిపించింది. నేలనుంచి నాలుగు అడుగుల ఎత్తువరకు ఆ గోడ మీద మరొక చిత్రం ఉంది. వీపులు ఆనీ ఆనీ రంగు నున్నగా అరిగి ఒక బెంచీ ఆకారంలో మరక ఏర్పడింది. దాని పక్కన బొగ్గుతో మూడు వికెట్లు గీసి ఉన్నాయి, మధ్య వికెట్టు మీద బంతి తగిలిన గుండ్రటి మచ్చలు ఇరవై దాకా లెక్కపెట్టాను. బొమ్మలోని పాప మెడ దగ్గర, సరిగ్గా పూసల దండ ఉన్నచోట, దండెం కోసం కొట్టిన మేకు ఉంది. దాని కింద పెన్సిలుతో ఎవరో పాల లెక్క రాసుకున్నారు. పక్కన ఒక చోట పెచ్చు ఊడితే పొరలన్నీ వరసగా బయటపడ్డాయి: పైన నీలం, దాని కింద ప్రైమర్ తెలుపు, ఆ కింద పాత పసుపురంగు సున్నం, అన్నిటికన్నా అడుగున బూడిదరంగు సిమెంటు.

నేను ఆ పొరలు గీస్తుండగా వెనకనుంచి, "మీది ఏ ఊరు నాయనా? తెలుగేనా?" అని వినిపించింది. యాభై అయిదేళ్ళు ఉంటాయేమో, నగరపాలక సంస్థలో పారిశుద్ధ్య పని చేసి అప్పుడే ఇంటికి వచ్చిన మనిషి. చెన్నై వీధులను తరతరాలుగా శుభ్రం చేస్తున్నవాళ్ళలో తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయని తెలుసు గానీ, ఆ గోడ కింద మా నెల్లూరు యాసకు ఇంత దగ్గరగా ఉన్న మాట వింటానని అనుకోలేదు. నేను బడిలో బొమ్మలు నేర్పుతానని చెప్పగానే, "అయివారా! అట్టయితే కూసోండి," అని లోపలినుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది.

"మేము చింతాద్రిపేట దగ్గర కూవం గట్టుమీద ఉండినాము. ఆడ ఇండ్లు తీసేసి ఈడికి తెచ్చి పెట్టినారు. అప్పుడు నా బిడ్డ చంకలో ఉండె. ఇప్పుడు దానికే ఇద్దరు పిల్లకాయలు," అందామె. పని మాత్రం నగరంలోనే ఉండిపోవడంతో, అప్పటినుంచీ తెల్లవారుజామున మూడింటికి లేచి బస్సుకు పోవడం తప్పలేదట. బొమ్మ వేసిన రోజులు ఆమెకు బాగా గుర్తున్నాయి. క్రేను మీద నిలబడి రంగు వేస్తున్నవాళ్ళకు కాలనీ పిల్లలు కిందినుంచి మంచినీళ్ళ సీసాలు అందించారని, రంగు డబ్బాల అడుగున మిగిలినదాన్ని తెచ్చి తమ వాకిలి తలుపుకు తామే వేసుకున్నామని చెప్పింది. ఆ తలుపు ఇప్పటికీ పాప చెంప రంగులోనే ఉంది.

బొమ్మ వచ్చాక ఏమైనా మారిందా అని మా మేనకోడలు అడిగింది. ఆమె కొంచెం ఆలోచించి చెప్పిన జవాబును నేను వెంటనే రాసుకున్నాను. "ముందు ఈ పేరు చెబితే ఆటో అయినా వచ్చేది కాదమ్మా. ఇప్పుడు బొమ్మలు చూసేదానికి కార్లలో వస్తావుండారు. అది బాగనే ఉంది. అయితే ఆ చెంప చూడండి." పైకి చూపించింది. రెండో అంతస్తు దగ్గర పాప చెంప మీద రంగు పొక్కులు తేలి, అంచున తెల్లగా ఉప్పు పూసి ఉంది. "అది ఉబ్బిననాడే నేను చెప్పినా, లోపల పైపు కారతావుండాదని. బొమ్మ లేకుంటే మాకు కూడా తెలిసేది కాదు. పైపు బాగుచేయను మాత్రం ఇంకా ఎవురూ రాలేదు."

గోడలోపల నీరు చేరితే తడి బయటికి వస్తూ తనతోపాటు లవణాలను తెస్తుందని, ఆ లవణాలే పైన పొరను తోసి పెచ్చులూడదీస్తాయని నేను పిల్లలకు చెబుతుంటాను. ఎంత ఖరీదైన ఎమల్షన్ వేసినా లోపలి తడిని ఆపలేదు. ఈశాన్య రుతుపవనాల వానలు వెళ్ళిన నెలలోపే వచ్చాం కాబట్టి ఈ మచ్చలన్నీ తాజాగా కనిపించాయి. వేసవిలో వచ్చి ఉంటే చెంప మీద మచ్చను కేవలం మాసిన రంగు అనుకుని వెళ్ళిపోయేవాళ్ళం. అందంగా వేసిన ముఖం ఒక ఇంటి నీటిగొట్టం గురించి అంత స్పష్టంగా చెప్పడం, ఆ మాటను అక్కడివాళ్ళే చదవగలగడం నన్ను బలంగా కదిలించాయి. రంగు వేస్తే పేదరికం పోతుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కానీ నలుగురు చూసే గోడ మీద లోపం కూడా నలుగురికి కనిపిస్తుంది, దాని గురించి అడగడానికి నోరు వస్తుంది.

మధ్యాహ్నం ఖాళీ గడి ఆ విధంగా నిండింది. ఆమె పెట్టిన అన్నం, చేపల పులుసు తిని, మనవలిద్దరూ దారి చూపగా మిగిలిన వీధులు తిరిగాం. రేఖాగణితపు ఆకారాలు, ఆకులు, నవ్వుతున్న ముఖాలు, కళ్ళు మూసుకున్న ముఖాలు చాలా చూశాం. వాటిలో ఏది ఇష్టమని అడిగితే పెద్దవాడు తమ ఇంటి గోడనే అన్నాడు, చిన్నవాడు క్రికెట్ ఆడడానికి అడ్డంకులు లేని గోడను చూపించాడు.

మూడో రోజు

ధనుర్మాసం ముగియకముందే మైలాపూరు ముగ్గులు చూడాలని పట్టుబట్టింది మా మేనకోడలు. గోడబొమ్మల యాత్రలో నేలమీది ముగ్గులు ఎందుకని నేను మొదట అనుకున్నాను, అయితే చీకటితో లేచి కపాలీశ్వరస్వామి గుడి చుట్టూ ఉన్న మాడవీధుల్లో నడిచాక ఆమె చెప్పిందే నిజమైంది. ఒక ఇంటి ముందు అరవై ఏళ్ళు దాటిన ఒకావిడ పదిహేను చుక్కల మెలికల ముగ్గు పెడుతోంది. చుక్కలన్నీ ముందే పెట్టుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి బియ్యప్పిండి జారవిడుస్తూ, ఎక్కడా చెయ్యి తీయకుండా గీత మొదలైనచోటికే వచ్చి కలిపింది. తర్వాత చుట్టూ జేగురు పూసింది. మొదటి రోజు మౌంట్ రోడ్డు బ్యానర్ల దగ్గర నేను గళ్ళ పద్ధతి గురించి చెప్పానే, చిన్న బొమ్మను పెద్ద గోడకు ఎక్కించే ఆ గళ్ళకూ ఈ చుక్కలకూ పని ఒకటే, చేతికి దారి చూపడం. తేడా అంతా తర్వాత ఉంది. ఎనిమిదింటికల్లా పాలవాడి సైకిలు, బడి పిల్లల చెప్పులు ఆ ముగ్గును సగం చెరిపేశాయి. ఆవిడ దాన్ని చూస్తూనే గుమ్మంలో కాఫీ తాగుతోంది. చెరిగిందని బాధ కలగదా అని అడిగితే, "రేపు పొద్దున మళ్ళీ వాకిలి కడగాలి కదా," అంది తమిళంలో.

సాయంత్రం ఎండ పడమటికి వాలాక పైవంతెన రైలు ఎక్కి ఇందిరా నగర్ స్టేషన్ దగ్గర దిగాం. ఆ స్టేషన్ బయటి గోడ మీద, ఐటీ కారిడార్ రోడ్డు మీద వెళ్ళేవాళ్ళందరికీ కనిపించేలా, ఎ-కిల్ అనే పేరుతో బొమ్మలు వేసే చెన్నై చిత్రకారుడు ముఖాలు వేశాడు. దాని పేరు "వియ్ ఆర్". హెచ్ఐవీతో జీవిస్తున్నవారిపట్ల ఉన్న వివక్షను పోగొట్టాలన్న ఉద్దేశంతో వేసిన బొమ్మ అది. పక్కపక్కనే ఉన్న ఆ ముఖాల్లో ఎవరికి జబ్బు ఉందో, ఎవరికి లేదో చూసి చెప్పడం సాధ్యం కాదు. బొమ్మ బలమంతా అక్కడే ఉందని నాకు తోచింది. ఆఫీసులు వదిలే వేళ కావడంతో వాహనాలు నత్తనడకన సాగుతున్నాయి. వాటిలో ఉన్నవాళ్ళు ఆగి ఉన్నంతసేపూ ఆ ముఖాలవైపు చూస్తూనే ఉన్నారు. మౌంట్ రోడ్డులో ఎవరూ చూడని గోడలు గుర్తొచ్చాయి. ఇక్కడ కూడా గోడ కింద ఎవరూ నివసించడం లేదు గానీ, ఎత్తు, దూరం, చూసేవాడు ఆగే సమయం అన్నీ ముందే ఆలోచించి వేశారు. మా బడి గోడకు ఎదురుగా బస్సులు ఆగేది ఎంతసేపో నేను ఇంతవరకు ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

నాలుగో రోజు

ఉత్తర చెన్నైకి కాగితం మీద ఒక్క మాటే రాసుకున్నాం: వ్యాసర్పాడి. ఇంటి నుంచి దగ్గరే కాబట్టి నడిచి వెళ్ళాం. ఈ పేటలో ఫుట్‌బాల్ అంటే పిల్లలకు ప్రాణం. గోడల మీద అంబేద్కర్ పక్కన ఆటగాళ్ళు కూడా ఉంటారు. ఏ సంస్థా వేయించినవి కావు, పేటలోని యువకులు చందాలు వేసుకుని తామే వేసుకున్నవి. మేము వెళ్ళేసరికి పొంగల్ ఆటలపోటీల కోసం ఒక సందులో పాత బొమ్మకు మళ్ళీ రంగు వేస్తున్నారు. పరంజాగా రెండు డ్రమ్ముల మీద ఒక పలక పెట్టారు. వేస్తున్న అతను మామూలు రోజుల్లో బళ్ళకు నంబరు ప్లేట్లు రాస్తాడట.

అంబేద్కర్ కోటుకు నీలం వేయడం అయ్యాక, కింద మూడు నాలుగు అడుగుల వెడల్పున గోడ పొడవునా ముదురు ఎరుపు పట్టీ వేయడం మొదలుపెట్టాడు. అక్కడ బొమ్మ ఎందుకు వేయలేదని అడిగాను. మా మేనకోడలు తమిళంలో అడిగి తెలుగులో చెప్పింది: "అక్కడ అందరూ ఆనుకుని కూర్చుంటారు మామయ్యా, బంతి కొడతారు, కుళాయి నీళ్ళు చిమ్ముతాయి. ఆ చోటు వాళ్ళది, బొమ్మది కాదు అంటున్నాడు. పొంగల్‌కు ఒకసారి ఎరుపు కొడితే ఏడాది అంతా సరిపోతుందట." కన్నగి నగర్‌లో నేను రెండు గంటలు గీసుకున్న కిందిభాగాన్ని ఇతను కొలతగా తీసుకుని ముందే వదిలేశాడు. ముఖం, చేతులు, పుస్తకం అన్నీ ఆ పట్టీకి పైనుంచే మొదలయ్యాయి. నా చేతికి ఒక కుంచె ఇచ్చాడు. పట్టీ చివర నాలుగు అడుగుల మేర ఎరుపు నేను వేశాను.

మధ్యాహ్నం రాయపురం స్టేషన్ చూశాం. దక్షిణాదిలో మొదటి ప్రయాణికుల రైలు 1856లో బయలుదేరింది ఇక్కడినుంచే. అక్కడ ఎక్కువసేపు ఉండలేదు. వీధుల్లో అప్పటికే భోగి డప్పులు అమ్ముతున్నారు. సాయంత్రం రైలు అందుకోవాలి.

తిరిగి వచ్చాక

పండుగ మరునాడు ఎవరూ లేనప్పుడు బడికి వెళ్ళి ప్రహరీగోడ ముందు నిలబడ్డాను. టేపు పట్టి చూస్తే గోడ పొడవు 62 అడుగులు, ఎత్తు 7 అడుగులు. ఈశాన్య మూల దగ్గర కింద చెయ్యి పెడితే తడి తగిలింది. లోపలివైపు కుళాయి ఉన్నది అక్కడే. గేటుకు ఎడమవైపు రోజూ జామకాయలు, ఉడకబెట్టిన వేరుశనగకాయలు అమ్మే అవ్వ తన టార్పాలిన్ పట్టా కట్టుకోవడానికి అయిదడుగుల ఎత్తున రెండు మేకులు కొట్టుకుంది. అన్నేళ్ళుగా ఆ గేటులోంచి వెళ్తూ వాటిని నేను ఎప్పుడూ చూడలేదు. నోటుపుస్తకంలో గోడ పటం గీసి, తడి మచ్చను చుక్కలతో గుర్తించి, రెండు మేకుల చోటు సున్నాలు చుట్టి, ఒకదానికొకటి ఎంత దూరమో కొలిచి రాసుకున్నాను. సెలవులయ్యాక అవ్వ వచ్చినప్పుడు, పట్టా ఎండ ఎటునుంచి పడితే ఎటు వాలుస్తుందో అడగాలి. బొమ్మ ఏం వేయాలో పిల్లలతో ఆ తర్వాత మాట్లాడతాను.